పని పంచిన చోటే కూలి తగ్గుతోంది

శ్రోతలకు నమస్కారం.

ఆడవారికీ మగవారికీ సమాన వేతనం ఇవ్వాలని మన దేశంలో 1976లోనే చట్టం వచ్చింది. దాని స్థానంలో తెచ్చిన 2019 నాటి వేతనాల కోడ్ కూడా ఆ మాటే చెబుతోంది. అయితే రెండింటిలోనూ ఒక షరతు ఉంది: పని ఒకటే కావాలి, లేదా ఒకే తరహాది కావాలి. 1987లో సుప్రీంకోర్టు ఒక ప్రైవేటు కంపెనీ మహిళా స్టెనోగ్రాఫర్లకు న్యాయం చేయగలిగిందంటే, అక్కడ అదే తరహా పనికి ఎక్కువ జీతం తీసుకునే మగ స్టెనోగ్రాఫర్లు ఉన్నారు కాబట్టే. పనులనే ముందుగా ఆడపని, మగపని అని విడదీసిన చోట పోల్చి చూపడానికి ఎవరూ దొరకరు. మన అనంతపురం ప్రాంతంలో కూలి తేడాకు మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం.

వేరుశనగ విత్తడమే తీసుకుందాం. ఎద్దుల గొర్రు తోలేది మగవాడు; వెంట నడుస్తూ జడ్డిగంలో, అంటే గొర్రుకు పైనుండే గింజల గిన్నెలో, గింజలు వదిలేది ఆడమనిషి. ఇద్దరూ ఒకే ఎండలో, ఒకే సాలు వెంట నడిచేవారు. ఆమె పిడికిట్లోంచి గింజ సమంగా జారకపోతే మొలక ఒకచోట గుబురుగా, మరొకచోట బోసిగా వస్తుంది కనుక, చేయి తిరిగిన ఆడవారిని రైతులు ఏరికోరి పిలుచుకునేవారు. అయినా తోలడం నేర్పుగా, గింజ వదలడం సాయంగానే లెక్కకు వచ్చాయి. ట్రాక్టరు గొర్రు వచ్చాక ఆమె పని పోయింది. స్టీరింగు మాత్రం మగవారి చేతికే వెళ్లింది. కలుపు తీయడం, పెరికిన చెట్ల నుంచి కాయ తెంపడం ఆమెకు మిగిలాయి.

ధర్మవరం పట్టుచీరల నేతలోనూ ఇంతే. కూలి చీర లెక్కన, మగ్గం మీద కూర్చున్నవారి పేర వస్తుంది. పోగు చుట్టిన కండె అందకపోతే, మగ్గంలో అడ్డపోగును అటూ ఇటూ తీసుకెళ్లే నాడె కదలదు, కానీ ఆ కండెలు చుట్టే ఇల్లాలి పనికి చాలా ఇళ్లలో విడిగా రేటే లేదు.

2006 ఫిబ్రవరి 2న ఇక్కడి నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైన జాతీయ ఉపాధి హామీ పథకం ఈ చిక్కును కొంత విప్పింది. గడ్డపార పట్టినవారికి ఒక ధర, తట్ట మోసినవారికి ఒక ధర అనకుండా, తవ్విన మట్టిని కొలిచి, ఆడామగా తేడా లేకుండా కూలి కట్టారు. దానితో రైతు దగ్గర కూలి మాట్లాడుకునేటప్పుడు ఆడకూలీలకు చూపడానికి ఒక అంకె దొరికింది.

మగ్గానికీ అలాంటి లెక్కే కావాలి. చీర కూలిలో కండెలకూ, పోగులు అతకడానికీ విడిగా రేటు కట్టి, ఆ సొమ్మును చేసినవారి ఖాతాలోనే వేయాలి. ట్రాక్టరు నడపడం, సేద్యపు యంత్రాల మరమ్మతు నేర్పే శిక్షణకు, ఆ యంత్రాలు వచ్చి పని పోగొట్టుకున్న ఆడకూలీలనే ముందుగా పిలవాలి.