ఎర్రగడ్డ సంతలో రీలు కెమెరాలు, బాబాయి, రెండు పెన్సిల్ సెల్లులు

అందరికీ నమస్కారం. డల్లాస్ నుంచి వచ్చి వారమైనా నిద్ర ఇంకా దారిలో పడలేదు. అందుకే ఆదివారం ఉదయం ఆరున్నరకే ఎర్రగడ్డ సంతలో ఉన్నాను. పక్కన బాబాయి. ఆయన జేబులో రెండు పెన్సిల్ సెల్లులు.

నా వేట పాత రీలు కెమెరాల కోసం. పెద్దవి కాదు, ఒకప్పుడు పెళ్లిళ్లలో చుట్టాల మణికట్టుకు వేలాడిన చిన్నవి. మిక్సీ జార్లకూ తుప్పు పట్టిన రెంచీలకూ మధ్య అవి దొరుకుతాయి.

చేతికి తీసుకోగానే పేరు చూసి మురిసిపోకండి. కానన్ తన చిన్న కెమెరాలను జపాన్‌లో ఆటోబాయ్ అని, అమెరికాలో ష్యూర్ షాట్ అని, ఐరోపాలో ప్రిమా అని అమ్మింది. 1997లో వచ్చిన ఒలింపస్ మ్యూ-2 అమెరికాలో స్టైలస్ ఎపిక్ అయింది. ఈ సంగతి తెలియక నేను ఒకే కెమెరాను రెండుసార్లు కొన్నాను. మా ఆయన దగ్గర ఇంకా ఒప్పుకోలేదు.

నేను వెనక తలుపు తెరిచి, రీలు డబ్బా కూర్చునే గూటిలో చూస్తాను. అక్కడ చిన్న లోహపు రేకులు ఉంటే అది డీఎక్స్ కోడ్ చదివే కెమెరా, అంటే రీలు వేగం ఎంతో డబ్బా మీది గళ్లను బట్టి తనే తెలుసుకునేది. కోడాక్ ఆ పద్ధతిని 1983లో తెచ్చింది కాబట్టి కెమెరా అంతకు ముందుది కాదు. రేకులు లేనంత మాత్రాన పాతదని తేల్చేయకూడదు, చవక రకాలకు తర్వాత కూడా పెట్టలేదు. తలుపు అంచునున్న నల్ల స్పాంజి జిగురై వేలికి అంటిందంటే వెలుతురు లోపలికి కారుతుంది. అది మార్చుకోవచ్చు. సెల్లులు కారి గూడు పచ్చబడితే మాత్రం బేరం మీద బాగా తగ్గించాలి.

ఇంతలో బాబాయి ఒక యాషికా ఎంఎఫ్-2 సూపర్ పట్టుకుని నిలబడిపోయారు. “అమ్మాయ్, నీ అన్నప్రాసన ఫొటోలు ఇలాంటి దానితోనే తీశాను. సగం కడిగించాక నల్లగా వచ్చాయి, మీ అమ్మ నెల రోజులు మాట్లాడలేదు.”

అంకెల కిటికీలో 14 కనిపించింది. లోపల రీలు ఉంది! వద్దనేలోపే, ఖాళీదేనని చూపించే తొందరలో అమ్మే ఆయన తలుపు తెరిచేశాడు. ఇది చేత్తో రీలు తిప్పే కెమెరా. తీసిన ఫొటోలన్నీ డబ్బా బయట, కుడివైపు చుట్టుకుని ఉంటాయి. ఎవరి పుట్టినరోజో, ఎవరి తిరుపతి మొక్కో, వెలుతురు తగిలి పోయింది. ముందే రీలంతా బయటికి చుట్టి పెట్టుకుని, తీసిన వాటిని డబ్బాలోకి లాక్కునే మోటారు రకమైతే చాలావరకు దక్కేవి.

“రీలు కూడా ఉంది మేడమ్, ఇంకో వంద ఇవ్వండి” అన్నాడాయన. బాబాయి నవ్వు ఆపుకోలేకపోయారు. పదిహేను వందల దగ్గర మొదలైన బేరం నాలుగు వందలకు తెగింది.

సెల్లులు వేయగానే ఫ్లాష్ సన్నగా ఈల వేసి ఎర్ర దీపం వెలిగింది. బాబాయి మొహంలో అంతకంటే ఎక్కువ వెలుగు.

ఇంటికి వచ్చేసరికి పిన్ని హాల్లో నిలబడి గోడ గడియారం వంక చూస్తోంది. అందులో టైము ఆరూ పది. టార్చి కూడా వెలగడం లేదని ఆవిడకు ఇంకా తెలియదు.