మూడో రోజు క్యాన్యులా మార్చాలా, చూసి మార్చాలా?

నమస్కారం. బెంగళూరులో నర్సింగ్ చదువుతున్నవాళ్లూ, ఇక్కడి వార్డుల్లో డ్యూటీ చేస్తున్నవాళ్లూ మన ఛానల్ ఎక్కువగా చూస్తుంటారు. అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి వచ్చినవాళ్లే అందులో చాలామంది. ఇవాళ మాట్లాడుకునేది సెలైన్, మందులు ఎక్కించడానికి చేతికి పెట్టే ఐవీ క్యాన్యులా గురించి. ఏ కంపెనీది పెట్టినా వార్డులో దాని పేరు వెన్‌ఫ్లానే. మూడు సెంటీమీటర్ల ప్లాస్టిక్ గొట్టం, దీని మీద ఏం రీసెర్చ్ ఉంటుందిలే అనిపిస్తుంది. కానీ నర్సులే ముందు నిలబడి చేసిన పెద్ద పరిశోధనల్లో కొన్ని దీని మీదే జరిగాయి. వాటి ఫలితాన్ని మాత్రం సగం విని వదిలేస్తున్నాం.

ముందు ఆ 72 గంటల సంగతి చూద్దాం. మూడో రోజు రాగానే, చెయ్యి బాగానే ఉన్నా సరే, తీసేసి ఇంకోచోట గుచ్చాలని చాలాచోట్ల నేర్పుతారు. అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2011లో ఇచ్చిన మార్గదర్శకం ఒకసారి జాగ్రత్తగా చదవండి. పెద్దవాళ్లలో 72 నుంచి 96 గంటల కంటే ముందే మార్చాల్సిన అవసరం లేదని అందులో ఉంది. "ముందే అక్కర్లేదు" అన్న మాట మన దగ్గరికి వచ్చేసరికి "అప్పుడు తప్పనిసరి" అయి కూర్చుంది.

మరి మార్చకుండా ఉంచితే ఏమవుతుంది? క్లెయిర్ రికార్డ్ అనే నర్స్ ప్రొఫెసర్ బృందం ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో మూడు ఆసుపత్రుల్లో 3283 మంది మీద ఇదే పరీక్షించింది. ఒక గుంపుకు మూడో రోజు మార్చారు. రెండో గుంపుకు నొప్పి, వాపు, బ్లాక్ లాంటి కారణం కనిపిస్తేనే మార్చారు. 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితం వచ్చింది. నరం వాచిపోవడం, అంటే ఫ్లెబైటిస్, రెండు గుంపుల్లోనూ 7 శాతమే. అన్నట్టు, పుస్తకంలో సిర అని ఉంటుంది గానీ, వార్డులో అందరూ నరమనే అంటారు కాబట్టి నేనూ అదే అంటాను. తర్వాత 2019లో, ఒకే అంశం మీద వచ్చిన పరిశోధనలన్నిటినీ కలిపి చూసే కోక్రేన్ సమీక్ష, ఇలాంటి తొమ్మిది ట్రయల్స్‌నూ, 7412 మందినీ కలిపి చూసింది. ఫ్లెబైటిస్‌లో గానీ, రక్తంలో ఇన్ఫెక్షన్‌లో గానీ స్పష్టమైన తేడా కనిపించలేదు.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. "రోజుల లెక్క పోయింది, హాయిగా ఉంచేయొచ్చు" అంటారు. ఆగకండి, స్విట్జర్లాండ్‌లోని జెనీవా సంగతి ఉంది. అక్కడి యూనివర్సిటీ ఆసుపత్రులు 96 గంటల నియమం వదిలేసి, కారణముంటేనే మార్చే పద్ధతికి వెళ్లాయి. నాలుగు లక్షలకు పైగా క్యాన్యులాల లెక్క తీసి 2021లో ప్రచురించారు. పాత పద్ధతి నడిచిన కాలంలో క్యాన్యులా వల్ల రక్తంలో ఇన్ఫెక్షన్ వచ్చిన కేసులు 11. కొత్త పద్ధతిలో 46. మళ్లీ పాత నియమం తెచ్చాక తగ్గాయి. పైగా కొత్త పద్ధతి కాలంలో లెక్కకు వచ్చిన క్యాన్యులాలు పాత కాలం కంటే తక్కువే. అయినా కేసులు పెరిగాయి.

అయితే ఏది నమ్మాలి? మా అంచనా చెబుతాం. ట్రయల్‌లో క్యాన్యులాను చూడ్డమే పనిగా పెట్టుకున్న మనుషులుంటారు. మామూలు వార్డులో ఒక సిస్టర్‌కు పదిహేను, ఇరవై మంది పేషెంట్లుంటే, "కారణముంటే మార్చు" అన్న మాట "ఎవరైనా చెబితే మార్చు"గా మారిపోతుంది. చూసే మనిషి లేనప్పుడు రోజుల లెక్కే కాస్త కాపలా కాస్తుంది. మీ వార్డులో ప్రతి షిఫ్టులో చూసి రాసే అలవాటు లేకపోతే 72 గంటల నియమాన్ని తీసేయమని మేమైతే చెప్పం. ముందు చూడ్డం రావాలి, నియమం సంగతి తర్వాత.

సరే, చూడ్డమంటే ఎలా? అంతర్జాతీయ ఇన్ఫ్యూజన్ నర్సింగ్ ప్రమాణాల ప్రకారం, మామూలు పెద్ద పేషెంట్‌కు కనీసం నాలుగు గంటలకోసారి. మత్తులో ఉన్నవాళ్లకు, ఐసీయూలో ఉన్నవాళ్లకు గంట రెండు గంటలకోసారి. పిల్లలకు ప్రతి గంటా. చూడగానే కనిపించేలా డ్రెస్సింగ్ ఉండాలి. క్యాన్యులా మీద గుడ్డ బ్యాండేజీ చుట్టలు చుట్టేస్తే లోపల ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు. పారదర్శకంగా ఉండే డ్రెస్సింగ్ వేసి, పెట్టిన తేదీ, టైమ్ దాని అంచు మీద రాయండి, గుచ్చిన చోటు మీద కాదు.

వీఐపీ స్కోర్, అంటే నరం వాపును చూసి వేసే మార్కు, అందరూ చదివే ఉంటారు. సున్నా నుంచి ఐదు వరకు. సున్నా అంటే అంతా బాగుంది. కాస్త నొప్పో, కాస్త ఎరుపో ఉంటే ఒకటి, అప్పటికి కనిపెట్టి ఉండాలి. నొప్పి, ఎరుపు, వాపుల్లో రెండు కలిస్తే స్కోర్ రెండు. అక్కడే తీసేయాలి. నరం వెంబడి నొప్పి వచ్చి గట్టిపడితే మూడు, తాడులా చేతికి తగిలితే నాలుగు, జ్వరం కూడా వస్తే ఐదు. చార్టులో నాలుగు కనిపించిందంటే, రెండు దగ్గర ఎవరో చూడలేదని అర్థం.

ఇక్కడో చిక్కుంది. ఈ స్కోర్ ఇంగ్లండ్‌లో తయారైంది, ఎక్కువగా ఎరుపు మీద ఆధారపడుతుంది. మన చామనఛాయ, నలుపు చర్మం మీద ఎరుపు ఎర్రగా కనిపించదు. చుట్టూ చర్మం కంటే కాస్త నల్లగానో, ఊదాగానో, మెరుస్తూనో ఉంటుంది. కాబట్టి కంటి కంటే వేలికి ఎక్కువ పని చెప్పండి. డ్రెస్సింగ్ మీదుగా, క్యాన్యులా కొస ఉండే చోట మెల్లగా నొక్కండి. వేడిగా ఉందా, గట్టిగా ఉందా, పేషెంట్ ముఖం చిట్లించాడా? రెండో చేతిలో అదే చోటు తాకి పోల్చండి. పది సెకన్ల పని.

తర్వాత అడగాలి. బెంగళూరులో అది ఒక్క భాషతో తెమలదు. కన్నడ పేషెంట్‌ను "నోవు ఇదెయా?" అంటే నొప్పి ఉందా అని. వాపును "ఊత" అంటారు. మంటను "ఉరి" అంటారు. పేషెంట్ చెయ్యి చూపించి "ఉరి" అంటే కంగారు పడకండి, మందు వెళ్తుంటే మండుతోందని చెబుతున్నాడంతే. తమిళం వాళ్లనైతే "వలిక్కుదా, ఎరియుదా" అనడగండి. ఈ నాలుగైదు మాటలు రాకపోతే స్కోర్‌లో సగం ఊహించి రాయడమే అవుతుంది.

అసలు క్యాన్యులా ఎందుకు పాడవుతుందో చూద్దాం. మందుల కోర్సు పూర్తికాకముందే పనికిరాకుండా పోయేవి 35 నుంచి 50 శాతం వరకు ఉంటాయని పరిశోధన సమీక్షలు చెబుతున్నాయి. కారణాల్లో చాలా వరకు గుచ్చేటప్పుడే మొదలవుతాయి.

మొదటిది సైజు. పెద్దదైతే మంచిదని ఆకుపచ్చ 18 గేజ్ పెట్టేస్తారు (నంబరు తగ్గేకొద్దీ గొట్టం లావు). ట్రామా, పెద్ద సర్జరీ, రక్తం గబగబా ఎక్కించాల్సిన చోట అది కావాలి. రోజుకు రెండు పూటలా యాంటీబయాటిక్ వేసే పేషెంట్‌కు నీలం 22 చాలు, గులాబీ 20 ధారాళంగా సరిపోతుంది. గొట్టం నరాన్ని నింపేస్తే చుట్టూ రక్తం పారడానికి చోటుండదు. మందు పలచబడకుండా నరం గోడను కాలుస్తుంది. నరం వెడల్పులో సగానికి తక్కువే ఉండాలి.

రెండోది చోటు. మణికట్టు, మోచేతి మడత సులువుగా దొరుకుతాయి. చెయ్యి వంచిన ప్రతిసారీ కొస లోపల గీరుతుంది. ముంజేయి అన్నిటికన్నా మంచి చోటు.

మూడోది శుభ్రం చేయడం. 70 శాతం ఆల్కహాల్‌లో 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ ఉన్న ద్రావణంతో 30 సెకన్లు రుద్ది, ఆరనివ్వాలి. ఊదకూడదు, చేత్తో విసరకూడదు. ఆరాక మళ్లీ వేలుపెట్టి నరం వెతికితే చేసిన పనంతా వృథా.

గుచ్చాక చిన్న పొరపాటు ఒకటి అందరూ చేస్తారు. రక్తం కనబడగానే సూది వెనక్కి లాగేస్తారు. సూది కొస ప్లాస్టిక్ గొట్టం కొస కంటే కాస్త ముందుంటుంది. రక్తం వచ్చిందంటే సూది నరంలో ఉందనే గానీ, గొట్టం ఇంకా బయటే ఉండొచ్చు. కోణం తగ్గించి, రెండు మూడు మిల్లీమీటర్లు ముందుకు పోనిచ్చి, అప్పుడు గొట్టాన్ని జార్చాలి. వెళ్లకపోతే, తీసిన సూదిని మళ్లీ గొట్టంలోకి దూర్చకండి, గొట్టం తెగి ముక్క రక్తంలోకి పోవచ్చు. సూదికి క్యాప్ కూడా పెట్టకుండా తిన్నగా తెల్ల షార్ప్స్ డబ్బాలోకే. రెండుసార్లు గుచ్చినా దొరకకపోతే పక్కకు తప్పుకుని ఇంకొకరిని పిలవండి. అందులో నామోషీ ఏమీ లేదు, అదీ ప్రమాణాల్లో ఉన్న మాటే.

ప్లాస్టర్ గురించి చెప్పక తప్పదు. ముందే ముక్కలు చింపి ట్రాలీ అంచుకో, మంచం కమ్మీకో అంటించి పెట్టుకుంటారు. మంచం కమ్మీ మీదున్న క్రిములు ఆ ప్లాస్టర్‌తో పాటే గుచ్చిన చోటికి చేరతాయి.

ఇక ఫ్లష్. మందుకు ముందు, తర్వాత సెలైన్ తోయాలి. 10 ఎంఎల్ సిరంజీ వాడండి. 2 ఎంఎల్ సిరంజీలో అదే బొటనవేలి బలం చాలా ఎక్కువ ఒత్తిడి పుట్టిస్తుంది. ఒక్కో ఎంఎల్ తోసి, క్షణం ఆగి, మళ్లీ తోయండి, ఆ కుదుపుకే గోడకు అంటినవి కడుక్కుపోతాయి. తోస్తుంటే అడ్డం తగిలితే బలం పెట్టకూడదు, తీసేయాల్సిందే. వార్డంతటికీ ఒక సెలైన్ బాటిల్‌కు సూది గుచ్చి ఉంచి, అందులోంచే అందరికీ ఫ్లష్ తీసే అలవాటు మాత్రం ఈ రోజే మానేయండి. ఒక పేషెంట్ ఇన్ఫెక్షన్ పది మందికి వెళ్లడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు.

మన దగ్గరి క్యాన్యులాలకు పైన రంగు మూత ఉన్న పోర్ట్ ఉంటుంది కదా. మూత తీసి టక్కున ఇంజెక్షన్ ఇచ్చేస్తాం. లోపలి అంచును సరిగ్గా రుద్దడం కుదరదు, మూత సగం తెరిచే ఉండిపోతుంది. సూది లేని కనెక్టర్ ఉన్న చిన్న ఎక్స్‌టెన్షన్ వాడితే, దాని మూతిని ఆల్కహాల్ స్వాబ్‌తో 15 సెకన్లు రుద్ది, ఆరాక వాడొచ్చు. మందు వేగం కూడా చూసుకోండి. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ 1 గ్రాము అంటే కనీసం 200 ఎంఎల్‌లో కలిపి, నిమిషానికి 10 మిల్లీగ్రాములు మించకుండా, అంటే కనీసం 100 నిమిషాలు. 100 ఎంఎల్‌లో కలిపి అరగంటలో వదిలేస్తే నరం మండిపోతుంది, ఒళ్లంతా ఎర్రబడి దురద కూడా రావచ్చు.

ఇదంతా కాలేజీలో ఎలా నేర్పుతున్నారు? ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో తెచ్చిన సెమిస్టర్ సిలబస్‌లో స్కిల్ ల్యాబ్‌కు, సిమ్యులేషన్‌కు (అసలు పేషెంట్ లేకుండా సీన్ కట్టి నేర్పడానికి) విడిగా క్రెడిట్లున్నాయి. మంచిదే. అమెరికాలో 2014లో వచ్చిన పెద్ద అధ్యయనం, పది కాలేజీల్లో చేసింది, క్లినికల్ గంటల్లో సగం వరకు మంచి సిమ్యులేషన్‌తో భర్తీ చేసినా విద్యార్థులు వెనకబడలేదని చూపింది. "మంచి" అన్న మాట వదిలేయకండి. శిక్షణ పొందిన టీచర్లు, తర్వాత సరైన చర్చ, ఇవి ఉంటేనే ఆ ఫలితం.

మన ల్యాబుల్లో రబ్బరు చెయ్యి ఉంటుంది. దాని నరం కదలదు, నొప్పి అనదు. చెక్‌లిస్టులో టోర్నికే (నరం ఉబ్బడానికి చేతికి బిగించే పట్టీ) కట్టడం నుంచి ప్లాస్టర్ వేయడం వరకు మార్కులుంటాయి. మర్నాడు చూసి తీసేయాలా ఉంచాలా అని నిర్ణయించడానికి ఒక్క మార్కు కూడా ఉండదు. పెట్టడం నేర్పి కాపలా నేర్పకపోతే ఎట్లా?

ఖర్చు లేకుండా టీచర్లు చేయగలిగేది చెబుతాం. రబ్బరు ప్యాడ్‌కు క్యాన్యులా పెట్టి, దాన్ని ఒక విద్యార్థి చేతికి కట్టండి. ఆ విద్యార్థి కన్నడంలోనే మాట్లాడాలి. నొప్పి సంగతి అడిగితేనే చెప్పాలి, తనంతట తాను చెప్పకూడదు. ప్యాడ్ కింద ఒక గట్టి దారం పెడితే తాడులా తగిలే నరమవుతుంది. వచ్చిన విద్యార్థికి చెప్పాల్సింది ఒక్కటే, "పది గంటల మందు వేయి." ఆమె ముందు తాకి చూస్తుందా, నేరుగా సిరంజీ తగిలిస్తుందా? సీన్ ఎనిమిది నిమిషాలు, చర్చ కనీసం పదిహేను. చర్చలో "నువ్వు తప్పు చేశావు" అనకండి. "చెయ్యి తాకకుండానే ఫ్లష్ మొదలుపెట్టావు, అప్పుడు నీ మనసులో ఏముంది?" అనడగండి. తొందరా, తెలియకపోవడమా, ఇంకొకరు చూసుంటారనుకోవడమా అన్నది అప్పుడే బయటపడుతుంది. ఒక్కోదానికి మందు వేరు.

చివరిగా తీసేయడం. 24 గంటలుగా వాడని క్యాన్యులాను "ఉంటే ఉండనీ" అని వదలకండి, ఇంకా ఎందుకుందో డాక్టర్ను అడిగి తీయించండి. తీశాక దూదితో కాదు, గాజ్‌తో రెండు మూడు నిమిషాలు నొక్కండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు ఇంకాసేపు. గొట్టం కొస మొత్తం వచ్చిందో లేదో చూసి, టైమ్, స్కోర్ రాయండి. ఇంకొకటి, నరం వాపు తీసేసిన 48 గంటల తర్వాత కూడా బయటపడొచ్చు. డిశ్చార్జ్ అయిన పేషెంట్ సాయంత్రం మెజెస్టిక్‌లో బస్సెక్కి ఊరెళ్లిపోతాడు. చెయ్యి గట్టిపడినా, ఎరుపెక్కినా, జ్వరం వచ్చినా దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లి, ఫలానా తేదీన ఈ చేతికే క్యాన్యులా ఉండేదని చెప్పమనండి. వాళ్ల భాషలో చెప్పి, ఆ తేదీ, ఏ చెయ్యో డిశ్చార్జ్ కాగితం మీద రాసివ్వండి.