ఛార్జర్ వెనకున్న చిన్న అక్షరాలు

హోస్ట్: అన్నా, మొదటిసారి విదేశం వెళ్తున్నాను. కెమెరా బ్యాటరీల గురించే టెన్షన్. వోల్టేజీ మార్చే కన్వర్టర్ కూడా కొనాలంటావా?

ఫొటోగ్రాఫర్: ఏదైనా కొనేముందు నీ ఛార్జర్ తిప్పి చూడు. వెనక చిన్న అక్షరాల్లో ‘ఇన్‌పుట్’ అని ఉంటుంది. పక్కన ఏం రాశారు?

హోస్ట్: ఆగన్నా... 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్.

ఫొటోగ్రాఫర్: అయితే కన్వర్టర్ అక్కర్లేదు. గోడలోంచి వచ్చేది జపాన్‌లో 100 వోల్టులు, అమెరికాలో 120, యూరప్‌లో 230. అన్నీ ఆ రెండు అంకెల మధ్యే ఉన్నాయి కదా! ఛార్జరే సర్దుకుంటుంది. నీకు కావాల్సింది పిన్నుల ఆకారం మార్చే అడాప్టర్ మాత్రమే. అది వోల్టేజీ జోలికి పోదు, ఈ సంగతి మాత్రం మర్చిపోకు. 120 వోల్టులకే చేసిన హెయిర్ డ్రయర్‌ను అడాప్టర్ తగిలించి 230లో పెడితే కాలిపోతుంది.

హోస్ట్: మరి అన్ని దేశాలకూ పనికొచ్చే యూనివర్సల్ అడాప్టర్ తీసుకోనా?

ఫొటోగ్రాఫర్: తీసుకోవచ్చు. కానీ అది బరువు. సాకెట్ వదులుగా ఉంటే రాత్రి మెల్లగా జారిపోతుంది, పొద్దున చూస్తే బ్యాటరీ ఖాళీ. నీ ఛార్జర్ నుంచి వైరు విడిగా ఊడొస్తుందా?

హోస్ట్: వస్తుంది. దాని చివర ఎనిమిది అంకెలా ఉంది.

ఫొటోగ్రాఫర్: ఇంకేం, వైరే మార్చేయ్! ఆ ఎనిమిది ఆకారం అన్ని దేశాల్లోనూ ఒకటే. గోడ వైపు పిన్నులే మారతాయి. బ్రిటన్‌కు మూడు పలక పిన్నులు, అమెరికాకు రెండు చదును పిన్నులు, యూరప్‌లో ఎక్కువ దేశాలకు రెండు గుండ్రటివి. నేను పదేపదే వెళ్లే చోట్లకు ఒక్కో వైరు కొనిపెట్టుకున్నాను.

హోస్ట్: విడి బ్యాటరీలు సూట్‌కేసులో వేసేయొచ్చా?

ఫొటోగ్రాఫర్: వద్దు. విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు, చేతిసంచిలోనే ఉండాలి. పవర్ బ్యాంకూ అంతే. 100 వాట్-అవర్ల వరకు (బ్యాటరీలో పట్టే శక్తి లెక్క అది) మామూలుగా విమాన సంస్థ అనుమతి అడగక్కర్లేదు. 7.2 వోల్టులు, 2280 ఎంఏహెచ్ కెమెరా బ్యాటరీ అంటే 16 వాట్-అవర్ల పైచిలుకే. బ్యాటరీ లోహపు కొనల మీద మూత పెట్టు, లేదా టేపు అంటించు.

హోస్ట్: నీకెప్పుడైనా దెబ్బ తగిలిందా?

ఫొటోగ్రాఫర్: తగిలింది. సూర్యోదయం తీయాలని, రెండు బ్యాటరీల్లో ముందు ఒకటి ఛార్జింగ్‌కు పెట్టి భోజనానికి వెళ్లాను. ఆ హోటల్ గదిలో తలుపు పక్కన కార్డు పెడితేనే కరెంటు. కార్డు నాతోనే వచ్చేసింది, కరెంటూ పోయింది! తిరిగొచ్చేసరికి ఒక్క గీత కూడా ఎక్కలేదు. ఒక ఛార్జర్, రెండు బ్యాటరీలు, నాలుగు గంటల రాత్రి. ఒకటే నిండింది. కొండ మీద వెలుగు అసలు బాగున్న వేళకు అదీ అయిపోయింది. ఇప్పటికీ బాధే. ఇప్పుడు ఏ గదిలోకి వెళ్లినా ముందు కార్డు తీసి, ఏ సాకెట్‌లో ఛార్జర్ లైటు వెలుగుతూనే ఉందో చూస్తాను. చాలాసార్లు అది ఫ్రిజ్ వెనకదే.