సాయంత్రం బీచ్‌కి వెళ్లే ముందు తిథి చూడండి

[తెర మీద: బయటపడ్డ రాళ్లు, వాటి మీద ఎర్ర బాణం గుర్తు]

"ఆర్కే బీచ్‌లో వెనక్కి వెళ్లిపోయిన సముద్రం... భయాందోళనలో జనం!" ఈ రీల్ మీకూ వచ్చే ఉంటుంది. నెల తిరిగేసరికి ఎవరో ఒకరు మళ్లీ పెడతారు. వెనకాల దడ పుట్టించే మ్యూజిక్కు, కింద కామెంట్లలో సునామీ, కలియుగాంతం.

విశాఖ సముద్రం రోజుకి రెండుసార్లు వెనక్కి వెళ్తుంది, రెండుసార్లు ముందుకొస్తుంది. వెనక్కి వెళ్తే పాటు, ముందుకొస్తే పోటు. జాలరిపేటలో చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు. చంద్రుడు నీటిని ఎందుకు లాగుతాడన్నది స్కూలు పుస్తకంలో ఉంది, అది వదిలేస్తున్నా. మనకి కావలసింది ఒక్కటే: సాయంత్రం ఐదింటికి నడకకో, క్రికెట్‌కో, పిల్లల్ని ఆడించడానికో వెళ్తే అక్కడ ఇసుక ఉంటుందా, ఉండదా? గోడ మీద క్యాలెండర్ చూసి చెప్పేయొచ్చు.

పాటుని భీమిలి బస్సు అనుకోండి. ఒక ట్రిప్పుకీ ఇంకో ట్రిప్పుకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఇవాళ మూడింటికి వచ్చిన బస్సు రేపు మూడూ యాభైకి, ఎల్లుండి నాలుగూ నలభైకి వస్తుంది. చంద్రుడు రోజూ అంత ఆలస్యంగా ఉదయిస్తాడు మరి, డ్రైవర్ ఆయనే. మీరేమో రోజూ ఐదింటికే స్టాపులో నిలబడతారు. ఒక వారం బస్సు ఎదురుగా ఉంటుంది, ఇంకో వారం ఉండదు. ఉన్న వారం "సముద్రం వెనక్కి పోయింది" అని రీల్ తీస్తారు, లేని వారం "సముద్రం ముందుకొచ్చేసింది" అని ఇంకోటి తీస్తారు. బస్సు మాత్రం దాని టైముకి అది తిరుగుతూనే ఉంది.

ఇప్పుడు టైమ్‌టేబుల్. విశాఖలో పౌర్ణమికీ అమావాస్యకీ పూర్తి పాటు, అంటే నీరు బాగా దిగిపోయే టైము, సుమారు మధ్యాహ్నం రెండున్నర, మూడింటికి. అక్కడి నుంచి తిథికి ముప్పావుగంట చొప్పున కలుపుకుంటూ పోండి. విదియ, తదియ నాటికి నాలుగూ ఐదింటి మధ్యకి వస్తుంది. చవితికి ఇంచుమించు ఐదున్నర. సాయంత్రం బీచ్‌కి ఇవే మంచి రోజులు. పైగా పున్నమి, అమావాస్యలు దాటిన ఒకటి రెండు రోజులకి నీరు అన్నిటికంటే ఎక్కువ దిగుతుంది. ఏకాదశి, ద్వాదశి నాడు సీను రివర్సు, సాయంత్రానికి నిండు పోటు. ఆ రోజు పిల్లలకి ఇసుకగూడు కడదామని ప్లాస్టిక్ బకెట్లు మోసుకెళ్లకండి. ఈ లెక్క అరగంట అటూ ఇటూ ఉంటుంది, అష్టమి ప్రాంతంలో ఇంకాస్త తప్పుతుంది. కచ్చితమైన టైము కావాలంటే సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ వెబ్‌సైట్లో విశాఖపట్నం టైడ్ చూసుకోండి.

నీరు ఎంత దిగుతుంది? పున్నమి రోజుల్లో పోటుకీ పాటుకీ ఎత్తులో తేడా దాదాపు 1.4 మీటర్లు. అష్టమికి అర మీటరే. 1.4 అంటే ఏముంది, ఒక పిల్లాడి ఎత్తేగా అనిపిస్తుంది. కానీ ఇసుక ఏటవాలుగా ఉంటుంది. పది మీటర్లు నడిస్తే మీటరు దిగే వాలులో 14 మీటర్ల ఇసుక బయటపడుతుంది. ముప్పై మీటర్లకి మీటరు దిగే చోట 42 మీటర్లు. రీల్ తీసినవాళ్లకి కనిపించింది ఇదే.

నీరు దిగే వేగం కూడా ఒకేలా ఉండదు. మన బస్సు కాంప్లెక్స్‌లో కదిలేటప్పుడు నత్తనడక, రుషికొండ దగ్గర జోరు, భీమిలి బజారులో మళ్లీ నత్తనడక. ఆరు గంటల ప్రయాణంలో మొదటి గంటలో నీరు పన్నెండో వంతే కదులుతుంది, అంటే 12 సెంటీమీటర్లు. మూడో గంటలో, నాలుగో గంటలో పావు వంతు చొప్పున, గంటకి 35 సెంటీమీటర్లు. చివరి గంటలో మళ్లీ పన్నెండో వంతు. అందుకే పూర్తి పాటుకి గంట ముందు, గంట తర్వాత నీరు దాదాపు నిలబడ్డట్టే ఉంటుంది. నడకకి ఆ రెండు గంటలు.

[తెర మీద: తడి ఇసుక మీద ఒక పాదం, దగ్గరగా]

ఇది నాకు మహా ఇష్టమైన ముక్క. నీరు అప్పుడే తీసిన ఇసుక మీద అడుగు వేసి చూడండి. పాదం చుట్టూ ఇసుక ఒక్కసారిగా తెల్లబడి ఎండిపోయినట్టు అవుతుంది. తడి బయటికి పిండుకుపోయిందనుకుంటారు చాలామంది. జరిగేది దానికి పూర్తిగా తిరగేసి. అల కొట్టీ కొట్టీ రేణువులు దగ్గరగా సర్దుకుని ఉంటాయి. కాలు నొక్కితే అవి కదలాలి, కదలాలంటే ఒకదాని మీదికి ఒకటి ఎక్కాలి, ఎక్కితే మధ్యలో ఖాళీలు పెరుగుతాయి. పైనున్న నీరు ఆ ఖాళీల్లోకి దిగిపోతుంది, అందుకే తెలుపు. నీరు ఇంకా చేరని ఆ క్షణం ఇసుక గట్టిగా నిలబడుతుంది. 1885లో ఆస్బోర్న్ రెనాల్డ్స్ అనే శాస్త్రవేత్త వివరించాడు దీన్ని.

కాబట్టి నడవాల్సింది పైన పొడి ఇసుకలో కాదు, అక్కడ మడమ దిగబడి పిక్కలు పట్టేస్తాయి. అల తగిలే అంచున కూడా కాదు. రెండిటికీ మధ్య చెమ్మగా నల్లగా కనిపించే పట్టీ ఉంటుంది, అందులో. వాలు వల్ల సముద్రం వైపు కాలు ఎప్పుడూ కిందుంటుంది. ఎంత దూరం వెళ్లారో అంత దూరం అదే ఇసుకలో తిరిగి రండి, రెండు కాళ్లకీ సమానమవుతుంది. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర మొదలెట్టి ఒకవైపే నడిచి, ఆటో ఎక్కి ఇంటికొచ్చి, ఒక మోకాలే నొప్పంటే ఏం చెప్తాం?

క్రికెట్ పిచ్ కూడా ఆ పట్టీలోనే, నీటికి సమాంతరంగా వేయండి. అడ్డంగా వేస్తే ఒక ఎండ్ గట్టిగా, ఇంకో ఎండ్ బురదగా ఉంటుంది. పాటు ముగిశాక పిచ్ వేస్తే రెండో ఇన్నింగ్స్‌కి స్టంపులు నీళ్లలో ఉంటాయి.

టైము దాటుతోంది, మిగతావి గబగబా. రాళ్లు. తెన్నేటి పార్కు కిందైనా, మంగమారిపేట రాతి తోరణం దగ్గరైనా, పూర్తి పాటుకి గంట ముందు వెళ్లి, పాటు టైముకల్లా వెనక్కి బయలుదేరండి. మీరు సముద్రం వైపు చూస్తూ ఫొటోలు దిగుతుంటే నీరు పక్కనున్న పల్లంలోంచి వచ్చి వెనక దారి మూసేస్తుంది. పచ్చగా పాచి ఉన్న రాయి మీద చెప్పులు ఆగవు, గరుకుగా గుల్లలు పట్టిన రాయి చూసి కాలు పెట్టండి.

పాటు టైము చూసుకుని స్నానానికి దిగొచ్చా? ఆర్కే బీచ్‌లో ఏ టైముకీ వద్దు. పాటుకి కూడా లోపలికి లాగే ప్రవాహాలు అక్కడే ఉంటాయి.

సునామీ సంగతి. పాటుకి ఆరు గంటలు పడుతుంది. సునామీకి ముందు నీరు తీస్తే నిమిషాల్లో తీస్తుంది, ఎన్నడూ చూడని అడుగు బయటపడుతుంది. అలా కనిపిస్తే ఫోన్ తీయకుండా ఎత్తు వైపు పరిగెత్తాలి. 2004 డిసెంబరు 26 పౌర్ణమి కావడంతో చాలామందికి పున్నమి అంటే భయం పట్టుకుంది. ఆ సునామీకి కారణం సుమత్రా దగ్గర భూకంపం. హెచ్చరికలిచ్చే కేంద్రం 2007 నుంచి హైదరాబాద్ ఇన్‌కాయిస్‌లోనే ఉంది.

ఇంకోటి, మార్చిలో మన తీరంలో సగటు నీటిమట్టమే తక్కువ, అక్టోబరు, నవంబరుల్లో ఎక్కువ. కార్తీకంలో పాటుకి కూడా బీచ్ ఇరుకుగా ఉంటే అందుకే. ఉదయం ఆరింటికి నడిచేవాళ్లు పంచమి, షష్ఠి చూసుకోండి.