అక్టోబరులోనే కొలవండి

(కావలిలో హామ్ రేడియో మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీదున్న పెద్దలకు, ఒంగోలు నుంచీ నెల్లూరు నుంచీ పొద్దున్నే బండెక్కి వచ్చిన మిత్రులకు, ఈమధ్యే పరీక్ష పాసై లైసెన్సు అందుకున్న పిల్లలకు, వాళ్లను వెంటబెట్టుకొచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. ఈ హాలు ఇచ్చినవారికి, వెనక భోజనాల ఏర్పాట్లు చూస్తున్నవారికి కూడా నమస్కారం. నాకు ఇచ్చిన అంశం హామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకుని సొంత సెట్టుతో గాల్లో మాట్లాడుకునే మన అభిరుచి, దాని భవిష్యత్తు. దాని గురించి ఇందాక మాట్లాడినవారు చక్కగా చెప్పారు. అధ్యక్షులవారు అనుమతిస్తే నేను ఒక చిన్న పరికరం గురించి మాట్లాడతాను. ఇదిగో, ఇదే. చొక్కా జేబులో పడుతుంది. వెనక వరుసలో వాళ్లకు కనబడుతోందా?

ఇది యాంటెన్నా ఎనలైజర్, యాంటెన్నా ఎలా ఉందో కొలిచి చెప్పే పరికరం. మన జిల్లాలో లైసెన్సు ఉన్న ప్రతి ఒక్కరి దగ్గరా ఇది సొంతంగా ఉండాలి. నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఎందుకు ఉండాలో చెప్పడానికే ఈ టైము అడుగుతున్నాను.

నేను ట్రంకు రోడ్డులో రేడియో, టీవీ రిపేరు షాపు నడిపిన మనిషిని. దూరదర్శన్ రోజుల్లో మద్రాసు స్టేషను కోసం ఇళ్ల మీద పొడవాటి ఇనప పైపులు నిలబెట్టాం. అప్పట్లో ఒక సౌకర్యం ఉండేది. యాంటెన్నా తప్పుగా ఉంటే బొమ్మే చెప్పేది. చుక్కలొచ్చాయంటే మేడెక్కి తిప్పేవాళ్లం. పంపే యాంటెన్నాకు ఆ సౌకర్యం లేదు. తీగ కట్టింది కట్టినట్టే ఉంటుంది, కేబులు దిగింది దిగినట్టే ఉంటుంది. సెట్టు ఆన్ చేస్తే బెంగళూరు వినబడుతుంది, కొలంబో వినబడుతుంది. వినబడుతోంది కదా, అంతా బాగుందనుకుంటాం. షార్ట్‌వేవ్‌లో సగం చెడిపోయిన తీగ కూడా వింటుంది. వినే తీగ పంపుతుందని నమ్మకం లేదు.

ఈ పరికరం చేసే పని చెబుతాను, సైన్సు చదవని తల్లిదండ్రులకు కూడా అర్థమయ్యేట్టు. ఇది చాలా బలహీనమైన సిగ్నల్ పుట్టించి కేబులులోకి పంపుతుంది. యాంటెన్నా తీసుకున్నంత తీసుకుంటుంది, మిగిలింది వెనక్కి కొడుతుంది. పోయింది ఎంత, తిరిగొచ్చింది ఎంత అని ఇది పోల్చి చూస్తుంది. ఆ లెక్కనే మనం ఎస్‌డబ్ల్యూఆర్ అంటాం. ఒకటి ఉంటే మొత్తం తీసుకున్నట్టు. రెండు ఉంటే తొమ్మిదో వంతు, అంటే వందకు పదకొండు వెనక్కి వచ్చినట్టు. మూడు ఉంటే పావు వంతు వెనక్కి.

"సెట్టులోనే మీటరు ఉంది కదా, ఇదెందుకు" అని కొందరు అడుగుతారు. సెట్టులో మీటరు చూడాలంటే మనం ట్రాన్స్‌మిట్ చెయ్యాలి. అదీ మనకు అనుమతి ఉన్న బ్యాండులోనే, అంటే ఆ ఫ్రీక్వెన్సీల హద్దుల్లోనే చెయ్యాలి. 40 మీటర్ల బ్యాండులో 7.000 నుంచి 7.200 మెగాహెర్ట్జ్ దాకా ఎక్కడ చూసినా ఎస్‌డబ్ల్యూఆర్ నాలుగు వస్తోందనుకోండి. తీగ పొడుగైందా, పొట్టిదైందా? సెట్టు చెప్పలేదు. ఇది చెబుతుంది. బ్యాండు దాటి కిందికీ పైకీ చూసి, తెర మీద ఎస్‌డబ్ల్యూఆర్ గీత 6.8 దగ్గర కిందికి దిగింది చూడు అని చూపిస్తుంది. అంటే తీగ పొడుగైందన్నమాట. అప్పుడు లెక్క సులువు. 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే డైపోల్, అంటే మధ్యలో కేబులు తగిలించి రెండు వైపులా చాచిన తీగ, దాని పొడవు మీటర్లలో వస్తుంది. 6.8కి సుమారు 21 మీటర్లు, మనకు కావాల్సిన 7.1కి సుమారు 20. తేడా మీటరుకు కాస్త తక్కువ. రెండు వైపులా చెరో 44 సెంటీమీటర్లు తగ్గించాలి. పిల్లలూ, తీగను కొయ్యొద్దు, చివర వెనక్కి మడిచి దాని మీదే చుట్టండి. కోసిన తీగను మళ్లీ పొడిగించడం పెద్ద పని.

ఇక మన ఊరి సంగతికి వస్తాను. తుమ్మలపెంట సముద్రం ఇక్కడికి ఎంతో దూరం లేదు. ఉప్పుగాలి మన ఇళ్ల కిటికీ ఊచల్నే తినేస్తుంటే, మేడ మీద ఎండకూ వానకూ వదిలేసిన కనెక్టరును వదులుతుందా? కేబులు చివరుండే పీఎల్-259 కనెక్టరులోకి తేమ దూరుతుంది. అక్కణ్నుంచి కేబులు తొడుగు కిందున్న రాగి జల్లెడలోకి పాకుతుంది. రాగికి చిలుము పడుతుంది. పైన నల్లటి తొడుగు నిగనిగలాడుతూనే ఉంటుంది. కంటికి ఏమీ తెలియదు.

దీని మీద నాకొక బాధ ఉంది. ఊరు చెప్పను, సంస్థ పేరు చెప్పను. ఒక కాలేజీలో మంచి ఖరీదైన సెట్టు కొన్నారు. తుపాను వస్తే పనికొస్తుందని కొన్నారు, ఉద్దేశం గొప్పది. మేడ మీద డైపోల్ కట్టించారు. ప్రారంభోత్సవం జరిగింది, ఫోటోలు వచ్చాయి. తర్వాత రెండు వానాకాలాలు గడిచాయి. ఒకసారి నన్ను పిలిచారు, సెట్టు బాగుంది, మీటరు బాగుంది, మాట మాత్రం ఎవరికీ సరిగా వినబడటం లేదని. మీటరు నిజంగానే బాగుంది. బ్యాండు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటిన్నర లోపే. నాకు అక్కడే అనుమానం వచ్చింది. ఏ డైపోలూ అంత సమానంగా ఉండదు. మేడెక్కి కేబులును యాంటెన్నా నుంచి విప్పేశాను. ఇప్పుడు కేబులు చివర ఏమీ లేదు, పంపినదంతా వెనక్కి రావాలి, ఎస్‌డబ్ల్యూఆర్ ఆకాశాన్నంటాలి. కిందికి దిగి ఈ పరికరం పెడితే రెండు చూపించింది. రెండు!

అంటే ఏమిటో ఆలోచించండి. తొమ్మిది పాళ్లు పంపితే ఒక పాలే తిరిగొచ్చింది. పోయేటప్పుడు మూడో వంతే మిగిలింది, వచ్చేటప్పుడు అందులో మళ్లీ మూడో వంతే మిగిలింది. వంద వాట్లు పంపితే ముప్ఫై మూడే తీగ దాకా చేరుతున్నాయి. మిగతాది కేబులు తినేస్తోంది. తిరిగి రావాల్సింది కూడా దారిలోనే కరిగిపోతోంది కాబట్టి మీటరు అంతా బాగుందని చెబుతోంది. కోసి చూపించాను. లోపల పచ్చగా, తడిగా ఉంది. లక్ష రూపాయలు దాటిన సెట్టు, కుళ్లిన కేబులు. అన్ని రోజులూ అది తుపానుకు సిద్ధంగా ఉందనే అందరూ అనుకున్నారు.

నాకు కోపం వచ్చింది, ఆ మాట దాచను. ఆ కాలేజీ పిల్లల మీద కాదు. సెట్టుకు డబ్బు మంజూరు చేసి, కొలిచే పరికరం అడిగితే "అది అవసరమా" అని కొట్టేసిన తీరు మీద.

అవసరమేనండీ. ఎందుకంటే మనం ఉన్నది కావలిలో.

1989 నవంబరు ఇక్కడున్న పెద్దలకు గుర్తుంటుంది. ఒక తుపాను థాయ్‌లాండ్ దగ్గర సముద్రంలో పుట్టి, ఆ దేశాన్ని దాటి, బంగాళాఖాతంలోకి వచ్చి మళ్లీ బలం పుంజుకుని, మన కావలి దగ్గరే తీరం దాటింది. దాని పేరు గే. బయటివాళ్లు కావలి తుపాను అని కూడా అంటారు. నేనప్పుడు షాపులో పని నేర్చుకుంటున్న కుర్రాణ్ని. మా అక్కను సముద్రం పక్క ఊరికి ఇచ్చాం. తెల్లారేసరికి కరెంటు స్తంభాలు లేవు, ఫోను తీగలు లేవు, తాటిచెట్లు నడిమికి విరిగి ఉన్నాయి. మా అమ్మ వాకిట్లో నిలబడి, "అబ్బయా, అక్క సంగతి కనుక్కో రా" అంటోంది. ఎవర్ని అడగాలి? ఏ తీగ మీద అడగాలి? షాపు నిండా రేడియోలున్నాయి, అన్నీ వినేవే. పంపేది ఒక్కటీ లేదు. నీళ్లలో, పడిపోయిన చెట్ల మీదుగా నడుచుకుంటూ పోయాను. అక్క, బావ, పిల్లలు ఊరి బడిలో క్షేమంగా ఉన్నారు. అంతసేపూ మా అమ్మకు ఆ సంగతి తెలియదు. నేను లైసెన్సు పరీక్షకు కూర్చోవడానికి కారణం అదే, ఇంకేమీ లేదు.

ఇప్పుడు సెల్ ఫోన్లున్నాయి కదా అంటారు. ఉన్నాయి. టవరుకు కరెంటు కావాలి, కరెంటు పోతే డీజిలు కావాలి, డీజిలు తేవాలంటే రోడ్డు కావాలి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, కోవూరు వైపు జాతీయ రహదారి తెగింది. మన కళ్ల ముందే జరిగింది కదా.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన పొద్దున, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ బృందంతో భారతీ ప్రసాద్ గారు పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారు. అండమాన్ నుంచి ప్రపంచమంతటి హామ్‌లతో మాట్లాడటానికి వెళ్లారు. అంతకు ముందు రోజుల్లోనే స్టేషను నడుస్తోంది, యాంటెన్నాలు పనిచేస్తున్నాయి. అందుకే నేల కంపించిన తర్వాత ఆ స్టేషను ద్వారానే క్షేమ సమాచారాలు పంపగలిగారు. అప్పటికప్పుడు తీగ కట్టి, కేబులు వెతుక్కుని మొదలుపెట్టలేదు. అమ్మాయిలూ, మీరు ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

టైము అయిందని అధ్యక్షులవారు చూస్తున్నారు. ఇంకొక్క పది నిమిషాలు ఇవ్వండి, అసలు మాట ఇంకా మిగిలుంది.

"మీ దగ్గరుంది కదా, అవసరమైనప్పుడు తీసుకుంటాం" అని మిత్రులంటారు. నేను ఇస్తాను, ఇస్తూనే ఉన్నాను. కానీ అడిగి తెచ్చుకున్న పరికరం ఆ రోజు లెక్క ఒక్కటే చెబుతుంది. సొంత పరికరమైతే పోయిన ఏడాది లెక్క పక్కన ఈ ఏడాది లెక్క పెట్టుకోవచ్చు. ఇదిగో నా నోటు పుస్తకం. యాంటెన్నా కట్టిన రోజు ఎంత ఉంది, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర గీత దిగింది, కేబులు చివర విప్పితే ఎంత చూపించింది, అన్నీ ఉన్నాయి. కేబులు తగిలే చోట తీగ సిగ్నల్‌ను ఎంత అడ్డుకుంటుందో చెప్పే రెండు అంకెలు, రెసిస్టెన్సు, రియాక్టెన్సు కూడా రాసుకున్నాను. పోయిన అక్టోబరుకూ ఈ అక్టోబరుకూ గీత పక్కకు జరిగిందంటే తీగ సాగిందో, ఒక ముడి వదులైందో, నీళ్లు దిగాయో. జ్వరం వచ్చాక వెతుక్కునే థర్మామీటరులా దీన్ని చూడకండి. ఒంట్లో బాగున్నప్పుడు కొలిచి రాసుకున్న అంకె లేకపోతే, చెడిన రోజు అంకెకు అర్థం ఉండదు.

అక్టోబరు అని ఎందుకంటున్నానంటే, మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతోనే. రాయలసీమ వాళ్లూ తెలంగాణ వాళ్లూ జూన్‌లో చూసుకుంటారు. మనం స్వాతి కార్తెకు ముందే మేడెక్కాలి. కనెక్టర్లు విప్పి చూడాలి, చిలుము ఉంటే కోసి కొత్తది వెయ్యాలి, రబ్బరు టేపు గట్టిగా చుట్టాలి, కొలిచి రాయాలి.

తుపాను రోజున మేడ మీద తీగ తెగిపోతే కింద రెండు చెట్ల మధ్య కట్టుకోవాల్సి వస్తుంది. భయపడకండి. 7 మెగాహెర్ట్జ్ తీగను పన్నెండు, పదిహేను అడుగుల ఎత్తులో కట్టినా, పగటి పూట సిగ్నల్ నిటారుగా పైకి పోయి, ఆకాశంలో ఎత్తున ఉన్న ఐనోస్ఫియర్ అనే పొర నుంచి తిరిగి చుట్టూ కొన్ని వందల కిలోమీటర్ల మేర దిగుతుంది. విజయవాడ, హైదరాబాదు, తిరుపతి, అన్నీ అందులోకి వస్తాయి. మధ్యలో ఏ టవరూ అక్కర్లేదు. కానీ తీగ అంత కిందికి వచ్చినప్పుడు తడినేల, పక్కనున్న రేకుల కప్పు, చెట్టు కొమ్మ, అన్నీ దాని మీద ప్రభావం చూపుతాయి. పుస్తకంలో లెక్క అక్కడ కుదరదు. వానలో నిలబడి ఐదు నిమిషాల్లో సరిచేసుకోవాలంటే ఈ పరికరమే దిక్కు. బ్యాటరీతో నడుస్తుంది, కరెంటు అక్కర్లేదు.

డబ్బు మాట. ఎంఎఫ్‌జే కంపెనీ వాళ్ల రెండు ముళ్ల మీటర్లున్న పాత ఎనలైజర్ కొందరి దగ్గరుంది, బాగా పనిచేస్తుంది. ఉక్రెయిన్‌లో తయారయ్యే రిగ్‌ఎక్స్‌పర్ట్ చాలా గట్టిది, ఎండలోనూ తెర కనబడుతుంది, ఖరీదు ఎక్కువ. నా చేతిలో ఉన్నది నానో వీఎన్ఏ. జపాన్‌లో ఒక ఔత్సాహికుడు దీన్ని రూపొందించి డిజైన్ అందరికీ తెరిచి ఉంచాడు. 2019 నుంచి చైనాలో చవకగా తయారై అందరికీ అందుబాటులోకి వచ్చింది. కొన్ని వేల రూపాయల్లో దొరుకుతుంది. పిల్లలు ఒక్కొక్కరూ కొనలేకపోతే ఇద్దరు ముగ్గురు అన్నదమ్ముల్లా కలిసి కొనండి, కానీ నోటు పుస్తకం మాత్రం ఎవరిది వాళ్లే పెట్టుకోండి.

వాడేటప్పుడు జాగ్రత్తలున్నాయి. కొలిచే ముందు ఓపెన్, షార్ట్, 50 ఓమ్‌ల లోడు అనే మూడు చిన్న బిరడాలూ ఒక్కొక్కటిగా పెట్టి కాలిబ్రేట్ చెయ్యాలి, అంటే పరికరం లెక్క సరిచెయ్యాలి. ఫ్రీక్వెన్సీ హద్దులు మార్చినప్పుడు మళ్లీ చెయ్యాలి. దీనికుండే చిన్న ఎస్ఎంఏ కనెక్టరు సున్నితం, బరువైన కేబులు నేరుగా తగిలించకండి, మధ్యలో చిన్న జంపరు, అంటే సన్నటి పొట్టి కేబులు వెయ్యండి. తీగలో స్టాటిక్ పేరుకుని ఉంటుంది, ముఖ్యంగా గాలి రోజుల్లో. కేబులు మధ్య పిన్నునూ బయటి తొడుగునూ ఒకసారి కలిపి ఆ ఛార్జి పోగొట్టాకే పరికరానికి పెట్టండి. మెరుపులుంటే అసలు ముట్టుకోవద్దు. ఇది తగిలించి ఉన్నప్పుడు సెట్టులో పీటీటీ, అంటే మాట్లాడటానికి నొక్కే బటను నొక్కితే ఇది ఆ క్షణమే పోతుంది.

కార్యవర్గం వారికి నా విన్నపం ఒకటే. ఈ ఏడాది సన్మానాలకు శాలువాలు వద్దు. ఆ డబ్బుతో కొత్త లైసెన్సుదారులున్న ప్రతి ఊరికీ ఒక ఎనలైజర్ కొనిపెట్టండి. ఒంగోలు మిత్రులు సరేనంటే, ప్రతి అక్టోబరు రెండో ఆదివారం రెండు జిల్లాల్లోనూ అందరం ఒకే రోజు కొలిచి, ఆ సాయంత్రం 40 మీటర్ల బ్యాండులో ఒకరి అంకెలు ఒకరికి చదివి వినిపిద్దాం.

భోజనానికి ముందు పిల్లలందరూ నాతో బయటికి రండి. వెనకున్న రెండు వేపచెట్ల మధ్య డైపోల్ కట్టించాను, కావాలనే ఒక మీటరు పొడుగ్గా. ఎంత మడవాలో మీరే కొలిచి చెప్పండి. పెన్నూ కాగితం తెచ్చుకోండి.