వెనక గది

అందరికీ నమస్కారం. ఇంత వానలో కూడా వచ్చారు, చాలా సంతోషం.

ఐర్లండ్ సంగీతం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఐర్లండ్ అనగానే మన దగ్గర పెద్దవాళ్ళకి యూ2 బ్యాండ్ గుర్తొస్తుంది, కుర్రకారుకి గాయకుడు హోజియర్ గుర్తొస్తాడు. వాళ్ళ గురించి చెప్పడానికి నేను అక్కర్లేదు. నేను చెప్పేది ఒక గది గురించి. పబ్ వెనకాల ఉండే గది. అరవై మంది నిలబడితే నిండిపోతుంది. మూలన అరచెయ్యి ఎత్తు స్టేజీ, గోడ మీద పాత పోస్టర్ల చింపిరి ముక్కలు, నేల మీద బీరు ఒలికి ఆరిన జిగురు. డబ్లిన్‌లో నేను పన్నెండేళ్ళుగా వాయిస్తున్నది ఇలాంటి గదుల్లోనే. ఐర్లండ్ ప్రపంచానికి ఇచ్చిన సంగీతంలో చాలా భాగం ఇలాంటి గదుల్లోనే పుట్టిందని నా నమ్మకం. ఇప్పుడు ఆ గదులే పోతున్నాయి. నా బాధంతా అదే.

నేను విజయవాడలో వయొలిన్ నేర్చుకున్నాను. మా గురువుగారి ఇంట్లో చాప మీద కూర్చుని, వయొలిన్ తలని పాదం మీద ఆనించి వాయించడం తప్ప ఇంకోలా వాయించొచ్చని నాకు తెలీదు. ఎమ్మెస్ కోసం డబ్లిన్ వెళ్ళిన మొదటి చలికాలంలో క్లాస్‌మేట్ ఒకడు స్మిత్‌ఫీల్డ్‌లోని కాబుల్‌స్టోన్ అనే పబ్‌కి తీసుకెళ్ళాడు. తలుపు పక్కన మూలలో ఏడెనిమిది మంది గుండ్రంగా కూర్చుని వాయిస్తున్నారు. మైకు లేదు, స్టేజీ లేదు, ఎదురుగా నోట్స్ కాగితం లేదు. దాన్ని సెషన్ అంటారు. వినేవాళ్ళ కోసం కాదు, వాళ్ళ కోసం వాళ్ళు వాయించుకుంటారు. మనం పక్కన నిలబడి వినొచ్చు.

మూడోసారి వెళ్ళినప్పుడు వయొలిన్ పట్టుకెళ్ళాను. ఫ్లూట్ వాయించే ఒక పెద్దాయన స్టూలు జరిపి పక్కన చోటిచ్చాడు. నా తీగలు సా-పా-సా-పా శ్రుతిలో ఉన్నాయి. వాళ్ళవి జీ, డీ, ఏ, ఈ. అక్కడే కూర్చుని మార్చుకున్నాను. వాళ్ళు ఒక జిగ్ ఎత్తుకున్నారు. జిగ్ అంటే ఆరు మాత్రల లెక్క, మన తకిట-తకిట. ఆ నడక దొరికాక నాకు ధైర్యం వచ్చింది, స్వరం మీద అలవాటుగా గమకం ఊపాను. పెద్దాయన నా మోకాలి మీద చెయ్యి వేసి, "ఊపొద్దు బాబూ, కొట్టి వదిలెయ్" అన్నాడు. వాళ్ళ అలంకారాన్ని రోల్ అంటారు. అసలు స్వరం, దాని పైది, మళ్ళీ అసలుది, కిందిది, మళ్ళీ అసలుది, ఈ ఐదూ కన్ను మూసి తెరిచేలోపు అయిపోవాలి. ఆ రాత్రి పదకొండున్నర దాకా ఆయన ఒక్క రోలే నాతో వాయింపించాడు. ఫీజు లేదు, అప్లికేషన్ లేదు, నీది ఏ దేశం అని కూడా అడగలేదు. గది అని నేను అంటున్నది దీన్నే.

2021లో అదే పబ్ స్థలంలో తొమ్మిది అంతస్తుల హోటల్ కడతామని ప్లాన్ పెట్టారు. ముందువైపు ఉన్న బార్ ఉంచుతామన్నారు. వెనక గది మాత్రం ఉండదు. వాళ్ళ దృష్టిలో పబ్ అంటే బారే. కానీ ఆ వెనక గదిలో రాత్రిళ్ళు కచేరీలు జరుగుతాయి, పాఠాలు నడుస్తాయి. పాత పాటల్ని తవ్వి తీసి, వాటికి ఒళ్ళు జలదరించే కొత్త మోత ఇచ్చిన లంకమ్ బ్యాండ్ వాళ్ళు ఆ పబ్ చుట్టూ పెరిగినవాళ్ళే. ఆ అక్టోబర్‌లో వందల మంది శవపేటిక మోసుకుంటూ, ఫిడిళ్ళు వాయిస్తూ డబ్లిన్ వీధుల్లో ఊరేగారు. చచ్చిపోతున్నది మా ఊరే అన్నారు. నేనూ ఆ ఊరేగింపులో నడిచాను. నవంబర్‌లో డబ్లిన్ సిటీ కౌన్సిల్ ఆ ప్లాన్‌కి పర్మిషన్ ఇవ్వలేదు. పబ్ నిలబడింది.

అన్నీ నిలబడలేదు. ఫ్రాన్సిస్ స్ట్రీట్‌లో టివోలీ థియేటర్ 2019లో మూతపడింది, కూల్చేశారు, ఆ చోట హోటల్ లేచింది. కార్క్ నగరంలో సర్ హెన్రీస్ అనే క్లబ్ ఉండేది. 1991 ఆగస్టులో నిర్వాణ బ్యాండ్, ఇంకా ప్రపంచానికి తెలియని రోజుల్లో, అక్కడ వాయించింది. ఇప్పుడది లేదు. ఊరి సంగీతం పేరు చెప్పి టూరిస్టుల్ని రప్పిస్తారు. ఆ టూరిస్టులు పడుకోవడానికి ఆ సంగీతం ఉన్న ఇల్లే కూలుస్తారు. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

ఇక్కడ కూర్చున్న కుర్రాళ్ళలో బ్యాండ్ పెట్టుకున్నవాళ్ళు కొందరున్నారని విన్నాను. మీ కోసం ఒక రాత్రి లెక్క చెబుతాను, నిజమైన లెక్క. మా బ్యాండ్‌లో నలుగురం. మూడేళ్ళ కిందట ఒక పబ్ వెనక గది అద్దెకి తీసుకుని గిగ్, అంటే చిన్న కచేరీ, పెట్టాం. టికెట్ పది యూరోలు. నలభై మూడు మంది వచ్చారు, 430 యూరోలు. గది అద్దె 150. సౌండ్ చూసే అబ్బాయికి 100. మిగిలింది 180. డ్రమ్ పెట్టె మీద నోట్లు పరిచి పంచుకుంటే తలకి 45. డ్రమ్ముల కోసం పెట్టుకున్న టాక్సీ డబ్బులు అందులోంచే. అంతకుముందు ఆరు వారాలు ఊరి చివర ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో, చెమ్మ వాసన కొట్టే షెడ్డులో గంటకింత అని కట్టి చేసిన రిహార్సల్స్ ఖర్చు ఈ లెక్కలోకి రాదు. హాలు నిండింది, జనం మళ్ళీ మళ్ళీ వాయించమన్నారు. మంచి రాత్రి అంటే ఇదే. మంచి రాత్రి లెక్కే ఇలా ఉంటే, డబ్లిన్‌లో ఇంటద్దె కట్టుకుంటూ ఎవరు వాయించగలరు? ఇంట్లో ఆసరా ఉన్నవాళ్ళు, లేదా నాలాగా పగలు ఐటీ ఉద్యోగం ఉన్నవాళ్ళు. మిగతావాళ్ళు బెర్లిన్‌కో లండన్‌కో వెళ్ళిపోతున్నారు. లేదంటే టెంపుల్ బార్ అనే పేటలో టూరిస్టుల కోసం రోజూ అవే పాత ఇరవై పాటలు పాడుతున్నారు. అలా పాడేవాళ్ళని నేను తక్కువ చేసి మాట్లాడను. వాళ్ళు పాడాల్సిన సొంత పాటలు ఇంట్లో ఉండిపోయాయి కదా అని నా బాధ.

మన దగ్గర పాట అంటే ముందు సినిమా పాట. సినిమా అనే గొడుగు కింద రచయితలకీ, వాద్యకారులకీ, గాయకులకీ ఎంతో కొంత పని దొరుకుతుంది. ఐర్లండ్‌లో ఆ గొడుగు లేదు. 2022 జనాభా లెక్కల్లో దేశం మొత్తం 51 లక్షల చిల్లర, మన హైదరాబాద్ కంటే తక్కువ. పాటలు అమ్ముకుని బతకడానికి ఆ సంత సరిపోదు. అందుకే అక్కడ పేరొచ్చిన బ్యాండ్ దాదాపు ప్రతిదీ బయటి లేబుల్‌తో, అంటే పాటలు విడుదల చేసే కంపెనీతో, సంతకం పెడుతుంది. లంకమ్ లండన్ రఫ్ ట్రేడ్‌కి వెళ్ళింది. బెల్‌ఫాస్ట్ నుంచి ఐరిష్ భాషలో ర్యాప్ చేసే నీక్యాప్ లండన్ హెవెన్లీకి వెళ్ళింది. వాళ్ళని తప్పుపట్టడం లేదు, నన్ను పిలిచినా వెళ్తాను. కానీ లండన్ వాళ్ళు బాగుందన్న తర్వాత గానీ డబ్లిన్‌లో మా రేడియోలు ఆ పాట వెయ్యకపోవడం, అది నాకు కోపం తెప్పిస్తుంది.

ఇలాగే ఉండాలని రాసిపెట్టి లేదు. 2002లో డేమియన్ రైస్ అనే గాయకుడు తన మొదటి ఆల్బమ్‌ని సొంత లేబుల్ మీద తెచ్చాడు. ఏడాదికి మంచి ఐరిష్ ఆల్బమ్ ఒకటి ఎంచే చాయిస్ మ్యూజిక్ ప్రైజ్ మొట్టమొదట ఎవరికి వచ్చిందో తెలుసా? జూలీ ఫీనీకి, 2005 ఆల్బమ్‌కి. ఆవిడే రాసి, ఆవిడే ప్రొడ్యూస్ చేసి, ఆవిడే విడుదల చేసుకున్న ఆల్బమ్ అది. హోజియర్‌ని మొదట తెచ్చింది కూడా రూబీవర్క్స్ అనే డబ్లిన్ లేబులే. మెక్సికో నుంచి వచ్చి గ్రాఫ్టన్ స్ట్రీట్‌లో రోడ్డు మీద గిటార్లు వాయించుకున్న రోడ్రిగో-గాబ్రియేలా జంట ఆల్బమ్ కూడా అదే లేబుల్ నుంచి వచ్చి 2006లో ఐర్లండ్‌లో నంబర్ వన్ అయింది.

వలస వచ్చినవాణ్ణి కాబట్టి నాకు ఇంకా దగ్గరైనది లిమరిక్ నగరం. టోగో నుంచి వచ్చిన మర్లీ, జింబాబ్వే మూలాలున్న గాడ్ నోస్, క్లేర్ జిల్లా ప్రొడ్యూసర్ ఒకరు కలిసి రుసాంగానో ఫ్యామిలీ అనే ర్యాప్ బృందం అయ్యారు. 2016 ఆల్బమ్‌కి వాళ్ళకి చాయిస్ ప్రైజ్ వచ్చింది, అదీ సొంతంగా వేసుకున్నదే. ఆ తర్వాత మర్లీ, గాడ్ నోస్, జాంబియాలో పుట్టిన డెనీస్ చైలా కలిసి నారోలేన్ అని సొంత లేబుల్ పెట్టుకున్నారు. చైలా ఆల్బమ్‌కి కూడా ఆ ప్రైజ్ వచ్చింది. నేను మా బ్యాండ్‌లో మొదటిసారి తెలుగులో ఒక చరణం పాడింది వాళ్ళని విన్నాకే. అంతకుముందు ఆ చరణం నా ఫోన్‌లోనే రెండేళ్ళు ఉంది.

ఇక మా లోపాల మాట. తెలుగులో "పెళ్ళి గ్రాండ్‌గా చేశారు" అంటే ఘనంగా చేశారని. డబ్లిన్‌లో గ్రాండ్ అంటే "పర్లేదు" అని. గిగ్ అయ్యాక బయట సిగరెట్ కాలుస్తున్నవాళ్ళని "ఎలా ఉంది?" అని అడగండి, "గ్రాండ్" అంటారు. బాగున్నా అదే మాట, చెత్తగా ఉన్నా అదే మాట. దేశం చిన్నది. ఈ రాత్రి వాయించినవాడు రేపు మీ సౌండ్ చూస్తాడు, రివ్యూ రాసే అమ్మాయి మీ డ్రమ్మర్‌కి చెల్లెలు. అందుకని ఎవరూ ఎవరినీ నొప్పించరు. రివ్యూలన్నీ పొగడ్తలే. ఆ మంచితనం మమ్మల్ని ఎదగనివ్వడం లేదు. మా రెండో ఆల్బమ్ సాగదీతగా ఉందని నాకిప్పుడు తెలుసు. అది నాకు అప్పుడే ఎవరైనా చెప్పి ఉండాల్సింది. ఆ ఫ్లూట్ పెద్దాయన చెప్పినట్టు, మోకాలి మీద చెయ్యి వేసి. ఈ మొహమాటం ఎంత దూరం పోయిందంటే, రేడియోల్లో ఎక్కువగా వేసే ఐరిష్ పాటల్లో ఆడవాళ్ళు దాదాపు కనపడని సంగతి కూడా 2020లో "వై నాట్ హర్" అనే బృందం వాళ్ళు స్టేషన్‌వారీగా లెక్కలు తీసి పెట్టేదాకా ఎవరూ గట్టిగా అడగలేదు. అందరికీ తెలుసు. అందరూ గ్రాండ్ అన్నారు.

ప్రభుత్వం చేసిన ఒక మంచి పని చెప్పకపోతే తప్పవుతుంది. కళాకారుల రాయల్టీల మీద పన్ను మినహాయింపు 1969 నుంచీ ఉంది, కానీ మాలాంటివాళ్ళకి పన్ను పడేంత ఆదాయమే ఉండదు కాబట్టి అది మా దాకా రాదు. 2022లో వేరే పని చేశారు. దరఖాస్తు పెట్టిన వేలమందిలోంచి 2,000 మంది కళాకారులకి వారానికి 325 యూరోలు, మూడేళ్ళపాటు. ఎంత రాశావు, ఎంత అమ్మావు అన్నదాన్ని బట్టి ఇవ్వలేదు. అర్హులందరి పేర్లలోంచి లాటరీ తీశారు. వాళ్ళలో 584 మంది సంగీతం వాళ్ళు. లాటరీ ఏమిటని చాలామంది తిట్టారు. నాకైతే ఆ లాటరీయే నచ్చింది. కమిటీ కూర్చుని ప్రతిభ తూచి ఉంటే ముందే పేరున్నవాళ్ళకే వచ్చేది.

నాకు రాలేదు. మా డ్రమ్మర్‌కి వచ్చింది. అతను రాత్రిళ్ళు గోడౌన్‌లో పార్సిళ్ళు సర్దేవాడు. రిహార్సల్‌కి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉండేవి, రెండో పాటకే టెంపో జారిపోయేది. డబ్బు మొదలయ్యాక వారానికి మూడు షిఫ్టులు మానేశాడు. మంగళవారం పొద్దున షెడ్డు అద్దె సగమే ఉంటుంది, ఆ టైంలో ఒక్కడే వెళ్ళి ప్రాక్టీస్ చేసేవాడు. నాలుగు నెలలకి అతని చెయ్యి మారిపోయింది. నేను నేర్పిన మిశ్రచాపు ఏడు మాత్రలు తన సొంతం చేసుకుని, దాని మీద రీల్ అనే ఐరిష్ నాట్య బాణీ కూర్చాడు. మా మూడో ఆల్బమ్‌లో బాగున్న పాట అదే. ఈ పథకంలో ప్రతి యూరోకి సమాజానికి 1.39 యూరోలు తిరిగొచ్చాయని ప్రభుత్వమే లెక్క వేయించింది. ఆ లెక్క మా వైపే ఉన్నా దాన్ని పట్టుకుని వాదించడం నాకు ఇష్టం లేదు. రేపు ఆ అంకె ఒకటికి తగ్గితే అతను మళ్ళీ గోడౌన్‌కి పోవాలా? 2025లో పథకాన్ని శాశ్వతం చేస్తామని ప్రకటించారు. అందరికీ రాదు, ఎంతమందికి వస్తుందన్నదే కొట్లాట. చేతిలో టైం ఉంటే సరిపోదు, వాయించడానికి చోటూ కావాలి. డబ్లిన్‌లో వీలన్స్, గాల్వేలో రోషీన్ డువ్, లిమరిక్‌లో డోలన్స్, క్లోనకిల్టీ అనే చిన్న ఊళ్ళో డి బారాస్, ఇవి వేళ్ళ మీద లెక్కపెట్టేంత మిగిలాయి. ఎవరైనా ఐర్లండ్ వెళ్తే టెంపుల్ బార్‌లో ఫొటో దిగండి, తప్పులేదు. ఆ రాత్రి మాత్రం వీటిలో ఒకదానికి వెళ్ళి, పేరు తెలియని బ్యాండ్‌కి పది యూరోలు ఇచ్చి లోపలికి వెళ్ళండి.

వయొలిన్ తెచ్చాను. తీగలు వాళ్ళ శ్రుతిలోనే ఉన్నాయి. ఆ పెద్దాయన కిందటేడు పోయారు. ఆ మొదటి రాత్రి ఆయన పక్కన కూర్చుని వాయించిన జిగ్ వాయిస్తాను. మైకు ఆపేయండి, ఫ్యాన్లు కూడా ఒక్క ఐదు నిమిషాలు. వెనక వరసల్లో ఉన్నవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ నేల మీద కూర్చోవచ్చు. తకిట-తకిట. చేత్తో వేయండి, నేను అందుకుంటాను.