పాత ఇల్లు అమ్మి కొత్త ఇల్లు కొనడం: ముందు ఏ అగ్రిమెంట్ మీద సంతకం పెట్టాలి?

[తెర మీద: భోజనాల బల్ల, రెండు అగ్రిమెంట్ కాగితాలు, పక్కన తెలుగు క్యాలెండర్]

నమస్కారం. ఈ బల్ల మీద రెండు అగ్రిమెంట్లు ఉన్నాయి. ఒకటి కూకట్‌పల్లిలో మేము అమ్మాలనుకున్న ఫ్లాట్‌ది, రెండోది బాచుపల్లిలో కొనాలనుకున్న ఫ్లాట్‌ది. రెండూ 2023 ఏప్రిల్‌లో రాసుకున్నవే. కొనేదానికి గడువు 60 రోజులు, అమ్మేదానికి 90. ఈ రెండు అంకెలు అటూఇటూ అయినందుకే మా ఇంట్లో మూడు నెలలు ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు.

జరిగింది చెప్తాను. అమ్మకం డబ్బు వస్తుంది కదా అన్న ధీమాతో కొత్త ఫ్లాట్‌కి 5 లక్షలు అడ్వాన్స్ ఇచ్చేశాం. ఇటు మా ఫ్లాట్ కొంటున్నాయన బ్యాంకు లోన్ పెట్టుకున్నారు. ఆ బ్యాంకు లాయర్ మా కాగితాలన్నీ చూసి, స్థలానికి సంబంధించిన పాత లింక్ డాక్యుమెంట్, అంటే మాకంటే ముందు ఆ స్థలం చేతులు మారినప్పటి దస్తావేజు, అడిగారు. మా దగ్గర ఉన్నది జిరాక్స్ ఒక్కటే. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకుని, దాన్ని లాయర్ ఒప్పుకునేసరికి జూన్ సగానికి వచ్చాం. అప్పుడు మా ఫ్లాట్ కొంటున్నాయన ఫోన్ చేసి, "అమ్మా, ఆషాఢం వస్తోంది, మా పెద్దవాళ్లు ఒప్పుకోవట్లేదు, శ్రావణంలో పెట్టుకుందాం" అన్నారు. సరే నెలే కదా అనుకున్నాం. క్యాలెండర్ తిప్పి చూస్తే ఆ ఏడాది అధిక శ్రావణం! జూలై 18 నుంచి ఆగస్టు 16 దాకా. నిజ శ్రావణం వచ్చేది ఆ తర్వాతే.

అటు బాచుపల్లి ఓనర్‌కి కూడా డబ్బు అవసరం. గడువు దాటాక ఇంకొకరికి అమ్మేశారు. మా 5 లక్షల్లో 3 లక్షలు తిరిగిచ్చారు. అగ్రిమెంట్ ప్రకారం అసలేమీ ఇవ్వక్కర్లేదు, కాబట్టి ఆయన్ని తప్పు పట్టను. తప్పు మా తేదీల్లో ఉంది. ఈ వీడియో అంతా ఆ తేదీల గురించే.

[తెర మీద: "ముందు కొంటే చేతిలో ఎంత ఉండాలి?"]

ముందు కొనాలా, ముందు అమ్మాలా అని అందరూ అడుగుతారు. ఒక లెక్క వేసుకుంటే జవాబు దానంతట అదే వస్తుంది.

కొత్త ఫ్లాట్ ధర 1 కోటి 20 లక్షలు అనుకోండి. లోన్ 75 లక్షలు దాటితే ఆర్‌బీఐ నిబంధన ప్రకారం ఇంటి విలువలో 75 శాతానికి మించి బ్యాంకు ఇవ్వకూడదు. అంటే 90 లక్షలు. మిగతా 30 లక్షలు మనవే. దాని మీద రిజిస్ట్రేషన్ ఖర్చు. తెలంగాణలో స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 9 లక్షలు. ఈ 9 లక్షలకి బ్యాంకు లోన్ రాదు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. మొత్తం 39 లక్షలు, పాత ఇంటి నుంచి ఒక్క రూపాయి రాకముందే, మన చేతిలో ఉండాలి.

ఇంకోటి. పాత లోన్ నడుస్తుంటే ఆ ఈఎంఐని తీసేసి మిగిలిన జీతం మీదే కొత్త లోన్ లెక్కగడతారు. కాబట్టి ఆ 90 లక్షలు కూడా పూర్తిగా రాకపోవచ్చు. కొత్తది కొన్నాక పాతది అమ్ముడయ్యేదాకా గడవడానికి కొన్ని బ్యాంకులు బ్రిడ్జ్ లోన్ ఇస్తాయి. కానీ పాత ఇల్లు అనుకున్న టైమ్‌కి అమ్ముడుపోకపోతే రెండు వడ్డీలూ మీదే పడతాయి. ఆ 39 లక్షలు ఏ అప్పూ లేకుండా మీ దగ్గర ఉంటే హాయిగా ముందు కొనుక్కోండి. లేకపోతే ముందు అమ్మకం అగ్రిమెంట్ రాసుకోండి. నా అభిప్రాయంలో ఇందులో మధ్యేమార్గం లేదు.

[తెర మీద: పాత ఫ్లాట్ ఫైల్ దగ్గరగా. ఈసీ, లింక్ డాక్యుమెంట్లు, ఆస్తి పన్ను రసీదు]

అమ్మకానికి పెట్టడానికి కనీసం నెల ముందే ఈ ఫైల్ తెరవండి. ఈసీ, అంటే ఇంటి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపించే సర్టిఫికెట్, తీయించండి. మీ డాక్యుమెంట్‌లో రాసిన పాత దస్తావేజుల నంబర్లు ఒక్కొక్కటిగా చూసుకుంటూ, ఏది మీ దగ్గర ఉంది, ఏది లేదు అని పెన్సిల్‌తో టిక్ పెట్టండి. మేము ఆ పని చేసి ఉంటే లాయర్ అడగకముందే మాకు తెలిసేది.

ఇంటి మీద లోన్ ఉంటే భయపడక్కర్లేదు. మన బ్యాంకు నుంచి ఎంత బాకీ ఉందో చెప్పే ఫోర్‌క్లోజర్ లెటర్, వాళ్ల దగ్గరున్న డాక్యుమెంట్ల లిస్టు తీసుకోవాలి. కొనేవాళ్ల బ్యాంకు నేరుగా మన బ్యాంకు పేరు మీద చెక్కు ఇచ్చి లోన్ తీర్చేస్తుంది, మిగిలింది మనకి వస్తుంది. ఫ్లోటింగ్ వడ్డీ హోమ్ లోన్‌ని వ్యక్తులు ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు. పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఒరిజినల్స్ ఇచ్చేయాలి. తమ వల్ల ఆలస్యమైతే బ్యాంకే రోజుకి 5,000 రూపాయలు మనకి కట్టాలని ఆర్‌బీఐ రూలు, 2023 డిసెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. అయినా ఆ 30 రోజుల్ని మీ తేదీల లెక్కలో కలుపుకోండి.

ధర 50 లక్షలు, ఆ పైన అయితే కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ (ముందే కోసే పన్ను) పట్టుకుని మీ పాన్ మీద కడతారు. అది పోయే డబ్బు కాదు, రిటర్న్‌లో సర్దుబాటవుతుంది. కాకపోతే ఆ రోజు చేతికి రాదు. ఇంటిలో వాటా ఉన్న అన్నయ్యో చెల్లెలో అమెరికాలో ఉంటే మాత్రం వాళ్ల వాటా మీద ఈ 1 శాతం వర్తించదు, కోత చాలా ఎక్కువ. తక్కువ కోతకి ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ల దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు, అది చేతికొచ్చాకే రిజిస్ట్రేషన్ తేదీ ఖాయం చేయండి. ఇక ధరలో కొంత క్యాష్‌గా ఇస్తామంటే వద్దనండి. స్థిరాస్తి అమ్మకంలో 20,000 గానీ అంతకు మించి గానీ క్యాష్ తీసుకుంటే, తీసుకున్నంతా పెనాల్టీగా పడొచ్చు.

[తెర మీద: "లాభం మీద పన్ను"]

ఇప్పుడు పన్ను. 2011లో 35 లక్షలకి కొన్న ఫ్లాట్‌ని ఇవాళ 80 లక్షలకి అమ్మారు. లాభం 45 లక్షలు. 12.5 శాతం చొప్పున 5 లక్షల 62 వేల 500, సెస్‌తో 5 లక్షల 85 వేలు. 2024 జూలై 23 కంటే ముందు కొన్న ఇల్లు కాబట్టి, ఇక్కడ నివాసం ఉండేవాళ్లకి ఇండెక్సేషన్‌తో, అంటే కొన్న ధరని ద్రవ్యోల్బణం మేరకు పెంచి, 20 శాతం లెక్క కూడా వేసి, ఏది తక్కువైతే అది కట్టే వీలుంది.

కానీ ఇంకో ఇల్లు కొంటున్నారంటే ఇదంతా కట్టక్కర్లేకపోవచ్చు. అందరూ సెక్షన్ 54 అని పిలిచే మినహాయింపు ఇదే. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి, ఆడిటర్లు ఇంకా పాత పేరుతోనే పిలుస్తున్నారు. పాత ఇల్లు రెండేళ్లకు మించి మీ దగ్గరుండాలి. అమ్మిన తేదీకి ఏడాది ముందు నుంచి రెండేళ్ల తర్వాత వరకు ఎప్పుడైనా ఇల్లు కొనొచ్చు, కట్టుకుంటే మూడేళ్లు. పెట్టాల్సింది లాభం వరకే, ఈ ఉదాహరణలో 45 లక్షలు. మొత్తం 80 లక్షలూ పెట్టాలేమో అని మా బాబాయి కంగారుపడ్డారు. ఆ రూలు ప్లాటు అమ్మి ఇల్లు కొనేవాళ్లకి, దానికి వేరే సెక్షన్ ఉంది. అలాగే ఇల్లు అమ్మి ఖాళీ ప్లాటు కొని వదిలేస్తే మినహాయింపు రాదు, దాని మీద మూడేళ్లలో ఇల్లు లేవాలి.

రిటర్న్ వేసే గడువులోపు, అంటే జీతగాళ్లకి మామూలుగా జూలై 31, ఇల్లు దొరకకపోతే ఆ లాభాన్ని క్యాపిటల్ గెయిన్స్ అకౌంట్ స్కీమ్ కింద బ్యాంకులో వేయాలి. మామూలు సేవింగ్స్‌లోనో ఎఫ్‌డీలోనో ఉంచితే చెల్లదు. కొత్త ఇల్లు మూడేళ్లలోపు అమ్మితే ఈ మినహాయింపు వెనక్కి పోతుంది.

చూశారా, పన్ను చట్టం మనకి రెండేళ్లు ఇస్తోంది. తొందరపెడుతున్నది మనం రాసుకున్న 60 రోజులే.

[తెర మీద: రెండోసారి రాసుకున్న అగ్రిమెంట్, ఒక పేరా మీద పసుపు గీత]

రెండోసారి మేము ఎలా చేశామో చూపిస్తాను. శ్రావణంలో పాత ఫ్లాట్ రిజిస్ట్రేషన్ అయ్యింది. అంతకు ముందే కొనే ఆయన్ని కూర్చోబెట్టి ఒక మాట అడిగాం: "రిజిస్ట్రేషన్ తర్వాత మూడు నెలలు మేమే ఉంటాం, అద్దె ఇస్తాం. తాళాలు ఇచ్చేదాకా 2 లక్షలు మీ దగ్గరే ఉంచుకోండి." ఆయన ఒప్పుకున్నారు. ఆయన అద్దింటి గడువు కూడా ఇంకా ఉందట, అడిగాకే తెలిసింది. పసుపు గీత ఆ పేరా మీదే ఉంది.

డబ్బు బ్యాంకులో పడ్డాకే కొత్త ఇల్లు వెతికాం. ఈసారి కొనే అగ్రిమెంట్‌లో రెండు వాక్యాలు రాయించాం. బ్యాంకు లీగల్ ఒపీనియన్‌లో కాగితాలు సరిగా లేవని వస్తే అడ్వాన్స్ పూర్తిగా వాపసు. గడువు లోపల ఆషాఢం గానీ మూఢం గానీ వస్తే ఆ రోజులు లెక్కలోకి రావు. స్టాంప్ పేపర్ మీద టైప్ చేసే ఆయన రెండో వాక్యం చూసి, "ఇలా ఎవరూ రాయించరమ్మా" అన్నారు. రాయమన్నాం, రాశారు.

కార్తీకంలో నిజాంపేటలో పాలు పొంగించాం. ఆ వారంలోనే కూకట్‌పల్లి ఫ్లాట్‌కి వెళ్లి తాళాలు ఇచ్చి, ఆయన దగ్గర 2 లక్షల చెక్కు తీసుకున్నాం.